ఆకాశ సమరపు ఆట - దాని పుట్టుపూర్వోత్తరాలు

ఆకాశంలో విమానమెక్కి శత్రువులను కొట్టే బొమ్మల ఆట మన పిల్లలందరికీ పరిచితమే. ఇది ఏదో నిన్నగాక మొన్న వచ్చిన విదేశపు పిచ్చి అని పెద్దలు విసుక్కుంటారు. కాని ఈ కల్పన మనకు కొత్త కాదు. శ్రీకృష్ణుడు ఇంద్రప్రస్థంలో ఉన్న సమయం చూచి సాళ్వుడు సౌభకమనే విమానంలో ద్వారకపై విరుచుకుపడిన కథ భాగవత దశమస్కంధంలో ఉన్నది. మయుడు నిర్మించిన ఆ విమానం ఒకసారి కనబడేది, ఒకసారి మాయమయ్యేది. నేలపైన, నీటిపైన, కొండకొమ్మున తిరిగేది. ప్రద్యుమ్నుడు ఇరవైయేడు రోజులు పోరాడి నగరాన్ని కాపాడగా, కృష్ణుడు తిరిగివచ్చి గదతో దానిని ముక్కలు చేసి సముద్రంలో పడగొట్టాడు.

ఇక యంత్రపు ఆట సంగతి. 1962లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయంలో స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు కంప్యూటరు తెరపై రెండు నౌకలు పోరాడే ‘స్పేస్‌వార్’ ఆటను తయారు చేశారు. 1978లో జపానులోని టైటో కంపెనీ ఉద్యోగి తోమోహిరో నిషికాదో ‘స్పేస్ ఇన్వేడర్స్’ను సృష్టించాడు. ఆటనే కాక, అది నడిచే యంత్రాన్ని కూడ ఆయనే కూర్చుకున్నాడు. మనుషులను కాల్చే ఆట తగదని పీత, ఆక్టోపస్ వంటి రూపాలు గల అన్యలోక జీవులను శత్రువులుగా పెట్టాడు. శత్రువులు తగ్గేకొద్దీ యంత్రానికి పని తగ్గి, మిగిలినవి వేగంగా కదిలేవి. అనుకోకుండా వచ్చిన ఆ వేగమే ఆటకు ప్రాణమైంది.

ఆ ఆటలో తెర కదలదు. కదిలే తెర 1981లో రెండు ఆటలతో ప్రసిద్ధికెక్కింది. రైలు కిటికీలోంచి చూస్తే చెట్లు, గుట్టలు వెనక్కి పోయినట్లు ఇందులో నేల జరిగిపోతుంది. జపాను కొనామీవారి ‘స్క్రాంబుల్’ ఆగని మెయిలు బండి వంటిది. ముందుకే పోవాలి, దారిలో ఇంధనపు తొట్లను కొట్టి నూనె నింపుకోవాలి. చికాగో విలియమ్స్ కంపెనీకి యూజీన్ జార్విస్ చేసిన ‘డిఫెండర్’ షంటింగ్ ఇంజను వంటిది. ముందుకూ వెనక్కూ పోగలదు.

డిఫెండర్ అనగా రక్షకుడు. నేలమీద పదిమంది మనుషులుంటారు. శత్రువులు వారిని ఎత్తుకుపోతారు. శత్రువును కొట్టినంత మాత్రాన చాలదు. జారిపడే మనిషిని మధ్యలో పట్టుకొని నేలకు దింపాలి. పైకి తీసుకుపోబడినవాడు శత్రువులో కలిసిపోయి, మనమీదికే వస్తాడు. పదిమందీ పోతే ఆ లోకమే పేలిపోతుంది. చంపడం కంటె కాపాడడం ముఖ్యమన్నది ఈ ఆటలోని నీతి.

ఇది మనవారు ఆలోచించవలసిన మాట. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మధురలో రాజ్యం స్థాపించిన నాటినుండి ఇక్కడ తెలుగు నిలిచింది. విజయరంగ చొక్కనాథుని ఆస్థానంలో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని తెలుగు వచనంలో వ్రాశాడు. నేడు మధురలోను, కోయంబత్తూరులోను ఎన్నో ఇళ్లలో మాట తెలుగే. చదువు మాత్రం తెలుగు కాదు. మన పదిమందిలో కొందరు ఇప్పటికే పైకి ఎత్తుకుపోబడ్డారు.

కావున పిల్లల చేతిలోని ఫోను లాగుకోవడం వలన ప్రయోజనం లేదు. ఆ ఆట ఆడేవానిని దగ్గర కూర్చోబెట్టుకొని సౌభకం కథ తెలుగులో చెప్పండి. కోయంబత్తూరు జి.డి. నాయుడుగారు మోటారు సైకిలును విప్పి చూచి మళ్లీ బిగించిన సంగతి చెప్పండి. అది ఎట్లా నడుస్తుందో వాణ్ణే తెలుగులో చెప్పమనండి. ఈ ఉగాదినాడు ఇంటికొక పిల్లవానికి మన అక్షరాలు దిద్దించగలిగితే, జారిపడేవానిని మధ్యలో పట్టుకొని నేలకు దింపినట్లే.