పెన్షను లాంటి మందు
(రొయ్య పెంకు నుంచి పలుచని పొర దాకా ఒక చిన్న చరిత్ర)

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని కార్యదర్శిగారు అడిగారు. రాజుల చరిత్ర, ఉక్కు ఉద్యమ చరిత్ర రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం మనం రోజూ మింగే మందుబిళ్ళ చరిత్ర రాస్తున్నాను. అందుకు కారణం మా ఇంట్లో నా చేతుల మీదుగా జరిగిన ఒక పొరపాటు.

రెండేళ్ళ క్రితం మా ఆవిడకు బి.పి. మాత్ర గొంతు దిగడం లేదంటే, నేనే మెత్తగా నూరి తేనెలో కలిపి ఇచ్చాను. కాసేపటికే ఆమె కళ్ళు తిరిగి వంటింటి గుమ్మంలో కూలబడింది. ఉక్కునగరంలో మా అబ్బాయి క్వార్టరులోనే ఉంటున్నాం గనుక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోగలిగాం. డాక్టరుగారు మాత్రల అట్ట చూసి, "రోజంతా కొంచెం కొంచెంగా దిగవలసిన మందును ఒక్కసారిగా దింపేశారు బాబాయిగారూ" అన్నారు. ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళలో కామాలు, చుక్కలు కూడా వదలకుండా చూసిన నేను, మందు పేరు చివర ఉన్న రెండక్షరాలు చూడలేదు.

మన భాషలో చెప్పాలంటే, మామూలు మాత్ర గ్రాట్యుటీ వంటిది. మొత్తం ఒకేసారి చేతికి వస్తుంది. ఈ రకం మాత్ర పెన్షను వంటిది. వాయిదాల ప్రకారం అందుతుంది. నేను చేసిన పని ఏమిటంటే, పెన్షను మొత్తాన్ని ఒక్క పూటలో కమ్యూట్ చేసేయడం.

ఈ వాయిదాల పద్ధతి మొదట బాగా ప్రచారంలోకి వచ్చింది 1952లో. స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ అనే అమెరికా కంపెనీ 'స్పాన్‌స్యూల్' అనే గొట్టం మాత్ర తెచ్చింది. లోపల ఆవగింజల వంటి గుళికలు, ఒక్కొక్క దానికి ఒక్కో మందంలో పూత. పలుచని పూత ముందు కరుగుతుంది, మందమైనది తరువాత. మూడు పూటలా వేసుకోవలసిన మందు ఒక్క పూటతో సరిపోయింది.

మందును కడుపులోకి కాక, జబ్బు ఉన్న చోటనే పెట్టవలసి వస్తే ఏం చేయాలి? పని అయ్యాక ఆ పెట్టినదాన్ని మళ్ళీ కోసి తీయకూడదు, దానంతట అదే కరిగిపోవాలి. ఇందుకు దారి చూపినది కుట్లు వేసే దారం. గొర్రె పేగుతో చేసిన దారం ఒంట్లో త్వరగా కరిగిపోతుంటే, 19వ శతాబ్దం చివర్లోనే జోసెఫ్ లిస్టర్ దాన్ని తోలు ఊనినట్లు క్రోమియం లవణాలతో ఊని మరికొన్నాళ్ళు నిలిచేలా చేశాడు. 1970 నాటికి ప్రయోగశాలలో తయారైన కరిగే దారాలు వచ్చాయి. 1976లో బోస్టన్‌లో రాబర్ట్ లాంగర్, జూడా ఫోక్‌మన్ పెద్ద అణువుల మందులను కూడా పాలిమర్ నుంచి నెమ్మదిగా విడుదల చేయవచ్చని చూపారు. 1996లో మెదడు కణితి తీసేసిన చోట ఉంచే కరిగే బిళ్ళకు అమెరికాలో అనుమతి వచ్చింది. 1998లో చిగుళ్ళ జబ్బుకు ఒక చిన్న జెలటిన్ రేకుకు అనుమతించారు. అది 4 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల పొడవు. చిగురు సందులో పెడితే వారం పది రోజులు మందు వదిలి, తానే కరిగిపోతుంది.

ఈ పొర తయారీ మన ఆడవాళ్ళకు తెలియని విద్య కాదు. మామిడి తాండ్ర పోసినట్లే, మందు కలిపిన జిగురు ద్రావణాన్ని గాజు పలక మీద పోసి ఆరబెడతారు. జెలటిన్ ఒక్కటే అయితే గోరువెచ్చని నీటికే కరుగుతుంది. వేరొకటి ఒక్కటే అయితే పెళుసుబారుతుంది. అందుకని రెండింటిని కలుపుతారు. ఆపైన ముఖ్యమైన పని క్రాస్ లింకింగ్. శ్లాబు పోసేముందు మన ఉక్కు కడ్డీలను నిలువుగా, అడ్డంగా పరిచి తీగతో ముడి వేస్తారు కదా! అలాగే ఆ జిగురులోని పొడవాటి అణువులను ఒకదానికొకటి ముడి వేయడమే ఇది. ముళ్ళు తక్కువైతే మందు ఒక్కసారిగా బయటపడుతుంది. మరీ ఎక్కువైతే లోపలే చిక్కుకుంటుంది. ముడి వేయడానికి ఎక్కువగా వాడే గ్లూటరాల్డిహైడ్ మిగిలిపోతే ఒంటికి హాని గనుక, గార్డీనియా కాయల నుంచి తీసే జెనిపిన్ వంటివాటితో కూడా ప్రయత్నాలు సాగాయి.

ఇక మన విశాఖ సంగతి. 1970లలో నా ఆఫీసు చేపల రేవుకు దగ్గర. ఎగుమతికి రొయ్యలు ఒలిచే షెడ్ల వెనుక తలలు, పెంకులు గుట్టలు పడి, ముక్కు మూసుకోకుండా అటు నడవలేకపోయేవాళ్ళం. ఆ పెంకులో కైటిన్ అనే పదార్థం ఉంది. ఆమ్లంతో సున్నాన్ని, క్షారంతో మాంసకృత్తులను తీసేస్తే అది మిగులుతుంది. గాఢమైన క్షారంలో మళ్ళీ వేడి చేస్తే కైటోసాన్ అవుతుంది. కొచ్చిన్‌లో 1957లో వెలసిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఈ తయారీ పద్ధతిని మన దేశంలో అభివృద్ధి చేసింది. దాని పరిశోధనా కేంద్రం మన విశాఖలోనూ ఉంది. వెనిగర్ వంటి పలుచని ఆమ్లంలో కరిగే ఈ కైటోసాన్‌ను జెలటిన్‌తో కలిపి పొరలు చేసే ప్రయోగాలు ప్రపంచమంతటా జరిగాయి. రక్తస్రావం ఆపే కైటోసాన్ కట్టుకు 2002లో అమెరికాలో అనుమతి లభించింది.

రేవు ఇచ్చింది పెంకు అయితే, మన్యం ఇచ్చింది తపసి జిగురు. 1956లో ఏర్పడి, విశాఖ కేంద్రంగా పనిచేసే గిరిజన సహకార సంస్థ దీనిని గిరిజనుల నుంచి కొనుగోలు చేస్తూ వచ్చింది. కట్టుడు పళ్ళు జారకుండా అంటించే పొడిలో ఈ జిగురు వాడతారని మనలో ఎందరికి తెలుసు? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1951లో ఫార్మసీ విభాగం మొదలైంది. అక్కడి ఆచార్య కె.పి.ఆర్. చౌదరి గారు, వారి శిష్యులు ఇటువంటి జిగుర్లతో మందును నిదానంగా వదిలే పద్ధతులపై ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు.

అంటే, మనం ముక్కు మూసుకుని దాటిపోయిన పెంకుల గుట్ట, కొండ మీద చెట్టు కార్చిన జిగురు మందుల శాస్త్రంలోకి వచ్చాయి. వీటితో చేసిన పొరల్లో చాలావరకు ఇంకా ప్రయోగశాల దాటి మందుల షాపుకు రాలేదన్నది కూడా నిజం. కానీ వాటి వెనుక ఉన్న సూత్రం ఇప్పటికే మన మాత్రల పెట్టెలో ఉంది.

అందుచేత పెద్దలందరికీ నా మనవి. మందు పేరు చివర ఎస్.ఆర్., ఇ.ఆర్., ఎక్స్.ఎల్. వంటి అక్షరాలుంటే ఆ మాత్రను నూరకండి, నమలకండి. డాక్టరు చెప్పకుండా విరవకండి. మింగలేకపోతే ఆ సంగతి డాక్టరుకే చెప్పండి. వేరే రూపంలో మందు ఉండవచ్చు. మా ఆవిడకు అలాగే మార్చి ఇచ్చారు. ఆమె ఇప్పుడు కులాసాగా ఉంది. మాత్రల అట్ట మాత్రం నా చేతికివ్వదు. కళ్ళజోడు పెట్టుకుని తానే చదువుకుంటుంది.