పాత పోర్షన్లు బాగుచేయిస్తున్నారా? మేస్త్రీని పిలిచే ముందు ఇవి చూసుకోండి

పటమటలో ముప్పై నలభై ఏళ్ల కిందట కట్టిన డాబా. కింద మీరుంటారు, పైన రెండు పోర్షన్లు అద్దెకిస్తారు. బాత్‌రూమ్ గోడలకు చెమ్మ, వర్షం పడితే కారే శ్లాబు, వంటగదిలో ఊడుతున్న పెచ్చులు. టులెట్ బోర్డు పెడితే వచ్చి చూసిపోయేవాళ్లే తప్ప అడ్వాన్సు చేతిలో పెట్టేవాళ్లు లేరు. ఒకవైపు ఆటోనగర్, మరోవైపు బెంజ్ సర్కిల్ ఉన్న ప్రాంతంలో అద్దె ఇల్లు వెతికేవాళ్లకు కొదవ లేదు. కాబట్టి లోపం ఇంట్లోనే ఉందని మీకూ తెలుసు. బాగుచేయించడానికి మేస్త్రీ 6 లక్షలు చెప్పాడు.

ఇక్కడ చాలామంది మొదట టైల్స్ షాపుకు వెళ్తారు. నిజానికి మొదట తేల్చుకోవాల్సింది ఆ 6 లక్షలు ఎక్కడి నుంచి వస్తాయన్నది. ఎందుకంటే అదే పని, అదే అద్దె అయినా, అప్పు ఎక్కడ తెచ్చారన్నదాన్ని బట్టి లాభమో నష్టమో తేలిపోతుంది.

అద్దె అప్పు తీరుస్తుందా?

ఉదాహరణకు ఒక్కో పోర్షన్ అద్దె ఇప్పుడు 8 వేలు, బాగుచేశాక 11 వేలు వస్తుందనుకుందాం. రెండింటి మీద నెలకు 6 వేలు పెరుగుతుంది. పని జరిగే రెండు నెలలూ పోర్షన్లు ఖాళీగా ఉంటే పోయే 32 వేల అద్దె కూడా ఖర్చులోనే రాసుకోవాలి. మేస్త్రీ అంచనాలో అది ఉండదు.

బ్యాంకు 9 శాతం వడ్డీకి పదేళ్ల గడువుతో 6 లక్షలు ఇస్తే నెల వాయిదా దాదాపు 7,600 రూపాయలు. పెరిగిన అద్దె పోగా 1,600 మీ జేబులోంచి పడుతుంది. గడువు పదిహేనేళ్లయితే వాయిదా దాదాపు 6,090కి దిగుతుంది, అద్దె దాదాపు సరిపోతుంది. కానీ మొత్తం వడ్డీ 3.12 లక్షల నుంచి 4.95 లక్షలకు పెరుగుతుంది. అదే 14 శాతం వడ్డీకి అయిదేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటే నెలకు దాదాపు 13,960. తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 12 వేలు వడ్డీయే, అసలు ఒక్క రూపాయి తగ్గదు. అంటే పెరిగిన అద్దెకు రెట్టింపు వడ్డీకే పోతుంది.

అందుకే ఏ పనికి అద్దె పెరుగుతుందో, ఏ పనికి పెరగదో విడదీసి చూడండి. కారడం ఆగిన శ్లాబు, మంచి బాత్‌రూమ్, ఏసీకి తగ్గ వైరింగ్, ఆగకుండా వచ్చే నీళ్లు, విడి కరెంటు మీటరు: అద్దెకు వచ్చేవాళ్లు అడిగేవి ఇవి. ఫాల్స్ సీలింగ్, డిజైన్ లైట్ల మీద పెట్టిన డబ్బు ఈ స్థాయి అద్దెల్లో తిరిగి రావడం కష్టం. చెమ్మకు కారణం సరిచేయకుండా పుట్టీ పెట్టి రంగేస్తే మాత్రం రెండు వానాకాలాల్లో మళ్లీ అదే గోడ కనిపిస్తుంది.

ఇసుక విషయంలో కొంత ఊరట ఉంది. 2024 జులై 8 నుంచి రాష్ట్రంలో ఇసుక ఉచితం, లోడింగు, రవాణా ఖర్చులు మాత్రం మీవే. సిమెంటుపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. మీ అంచనా అంతకంటే పాతదైతే మళ్లీ వేయించండి.

బ్యాంకు ఏం చూస్తుంది?

ఇళ్ల మరమ్మతులకు చాలా బ్యాంకులు విడిగా హోమ్ ఇంప్రూవ్‌మెంట్ రుణం ఇస్తాయి. ఇప్పటికే గృహ రుణం నడుస్తుంటే దాని మీద టాపప్ అడగొచ్చు. సాధారణంగా ఈ రెండిటి వడ్డీ పర్సనల్ లోన్ కంటే బాగా తక్కువ. చిక్కల్లా కాగితాల దగ్గరే.

మొదటిది, ఇల్లు ఎవరి పేరున ఉంది? పటమట లాంటి పాత ప్రాంతాల్లో దస్తావేజు చనిపోయిన నాన్న పేరున, ఇంటి పన్ను నానమ్మ పేరున, కరెంటు బిల్లు ఇంకెవరి పేరునో ఉండటం వింతేమీ కాదు. వారసులంతా కలిసి భాగపంపకమో, హక్కు విడుదలో రిజిస్టరు చేసుకునే దాకా బ్యాంకు ఫైలు కదలదు. అన్నయ్య అమెరికాలో ఉంటే ఆయన అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. కవరు బీరువాలో పెట్టి మరిచిపోతే మళ్లీ మొదటికొస్తుంది. ఆయన వాటా ఆయనకే ఉంచేస్తే ఇంకో సంగతి ఉంది. ఎన్నారైకి చెల్లించే అద్దె ఎంత చిన్నదైనా అద్దెదారు టీడీఎస్ కోయాల్సిందే.

రెండోది ఈసీ. చాలా బ్యాంకులు 30 ఏళ్లకు అడుగుతాయి. 1983 తర్వాతి లావాదేవీలకు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, అంతకు ముందువైతే పటమట సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో వెతికించుకోవాలి. దీనికి తోడు కార్పొరేషన్ ఆమోదించిన ప్లాను, పన్ను రసీదులు, ఇంజినీరు సంతకంతో పని అంచనా ఇవ్వాలి. డబ్బు సాధారణంగా ఒకేసారి ఇవ్వరు, పని జరిగే కొద్దీ విడతలుగా వేస్తారు. మేస్త్రీతో చెల్లింపుల ఒప్పందం కూడా ఆ విడతలకు తగ్గట్టే మాట్లాడుకోండి.

మూడోది మీ ఆదాయం. అద్దె నగదుగా తీసుకుని, రిటర్నులో చూపకపోతే బ్యాంకు లెక్కలో ఆ అద్దె లేనట్టే. ‘చూపిస్తే పన్ను పడుతుంది కదా’ అని చాలామంది వెనకాడతారు. కానీ 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో అద్దెతో కలిపి మీ మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే, షేర్లు, స్థలాల అమ్మకం లాభాల వంటివి మినహాయిస్తే, కట్టాల్సిన పన్ను సున్నా. అలాంటప్పుడు దాచి మీరు మిగుల్చుకునేది ఏమీ లేదు, పోగొట్టుకునేది రుణ అర్హత. ఇంటి యజమాని పెద్ద వయసువారైతే, సంపాదిస్తున్న కొడుకునో కూతురినో సహ దరఖాస్తుదారుగా చేర్చమని బ్యాంకు అడగొచ్చు.

సంతకం చేసే ముందు ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అడిగి చదవండి. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకిచ్చే కొత్త రుణాలన్నిటికీ ఇది ఇవ్వాల్సిందే. చార్జీలన్నీ కలిపితే అసలు వడ్డీ ఎంత పడుతుందో అందులో ఉంటుంది. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే రుణాలైతే, చర వడ్డీపై వ్యక్తులు తీసుకున్నవాటిని ముందే తీర్చినా బ్యాంకులు జరిమానా వేయకూడదు. రుణం తీరాక 30 రోజుల్లో అసలు దస్తావేజులు వెనక్కివ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల రూపాయలు మీకు చెల్లించాలి.

కాగితాలు సరిగా లేవు, పని ఆగదు అంటే బంగారం ఒక దారి. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే నిబంధనల ప్రకారం 2.5 లక్షల లోపు రుణానికి బంగారం విలువలో 85 శాతం వరకు, 5 లక్షల వరకు 80 శాతం, అంతకు మించితే 75 శాతం వరకు ఇస్తారు. అయితే బంగారు రుణాలు ఎక్కువగా ఏడాది గడువువే. పదేళ్లలో తీరే ఖర్చుకు ఏడాది అప్పు పెట్టడం అవుతుంది. శ్లాబు లీకు వరకు పర్వాలేదు కానీ మొత్తం పనికి దీన్ని నమ్ముకోవద్దు.

ఏ పనికి అనుమతి కావాలి?

రంగులు, ప్లాస్టరింగు, ఫ్లోరింగు, పైపులు, వైరింగు లాంటి మరమ్మతులకు ప్లాను అక్కర్లేదు. గది పెంచినా, కొత్త అంతస్తు వేసినా, మేడ మీద పెంట్‌హౌస్ కట్టినా కార్పొరేషన్ అనుమతి తప్పనిసరి. ఏది మరమ్మతో ఏది అదనమో సందేహంగా ఉంటే వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని అడగండి. అనుమతి లేని అంతస్తుకు ఆస్తి పన్నుతో సమానంగా, అంటే 100 శాతం, జరిమానా ఏటా కలుస్తుంది. పైగా ప్లానులో లేని భాగాన్ని బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. పాత డాబా మీద ఇంకో అంతస్తు వేసే ముందు పునాది, పిల్లర్లు ఆ బరువు మోస్తాయో లేదో స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పాలి, మేస్త్రీ భరోసా చాలదు.

కింది గదిని ఆటోనగర్ వ్యాపారులకు ఆఫీసుగా ఇస్తే అద్దె ఎక్కువొస్తుంది. నిజమే. కానీ ఆ భాగానికి ఆస్తి పన్ను, కరెంటు రెండూ నివాసేతర రేటుకు మారతాయి. 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్ను మూలధన విలువ మీద వేస్తున్నారు. చట్టం ప్రకారం నివాసాలకు రేటు 0.10 నుంచి 0.50 శాతం మధ్య ఉంటే, నివాసేతరాలకు 0.20 నుంచి 2 శాతం దాకా ఉండొచ్చు.

రెండు పోర్షన్లకు ఒకే మీటరు ఉంటే

దీన్ని చాలామంది పట్టించుకోరు. 2025-26 టారిఫ్ ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75 చొప్పున పడతాయి. రెండు పోర్షన్లూ చెరో 200 యూనిట్లు విడి మీటర్ల మీద వాడితే కరెంటు చార్జీ ఒక్కోటి 867, మొత్తం 1,734 రూపాయలు. అదే 400 యూనిట్లు ఒకే మీటరులో తిరిగితే 2,548. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు వేరు. నెలకు 800 పైచిలుకు తేడా, పైగా ‘మీ ఏసీ ఎక్కువ తిరిగింది’ అని వాటాల మధ్య పంచాయితీ. వైరింగు ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి సీపీడీసీఎల్‌కు విడి మీటర్ల దరఖాస్తు అప్పుడే పెట్టండి.

పన్నులో ఎంత తగ్గుతుంది?

మరమ్మతు బిల్లులు దాచి పెట్టినా ఇంటి అద్దె ఆదాయంలో వాటిని తగ్గించుకోవడం కుదరదు. ఖర్చు పెట్టినా పెట్టకపోయినా 30 శాతం తగ్గింపు ఒకేలా వస్తుంది. కానీ ఆ పనికి తెచ్చిన అప్పు మీద వడ్డీని విడిగా తగ్గించుకోవచ్చు. మన ఉదాహరణలో ఏడాది అద్దె 2,64,000. ఆ పోర్షన్ల వాటాగా మీరు కట్టిన ఇంటి పన్ను 6 వేలనుకుంటే మిగిలేది 2,58,000. అందులో 30 శాతం, అంటే 77,400 పోతే 1,80,600. పదేళ్ల రుణంలో మొదటి ఏడాది వడ్డీ దాదాపు 52 వేలు. పన్ను లెక్కకు వచ్చేది ఇక 1,28,600 మాత్రమే. కొత్త విధానంలోనూ అద్దెకిచ్చిన ఇంటికి ఈ వడ్డీ తగ్గింపు ఉంది. అయితే వడ్డీ అద్దెను మించితే ఆ నష్టాన్ని జీతంలో తగ్గించుకోలేరు. అప్పు బ్యాంకుదే కానక్కర్లేదు, బంధువు ఇచ్చినా సరే. డబ్బు ఈ పనికే వాడినట్టు ఆధారం, వడ్డీ చెల్లించినట్టు పత్రం ఉండాలి.

11 నెలల ఒప్పందం సరిపోతుందా?

‘11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు’ అన్నది మన రాష్ట్రంలో సరైన మాట కాదు. ఏడాది దాటిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న కేంద్ర చట్టంలోని నిబంధనను ఆంధ్రప్రదేశ్ 1999లో సవరించింది. స్థిరాస్తి లీజు ఎంత కాలానికైనా రిజిస్టరు కావాల్సిందే. కానిదాన్ని కోర్టులో ఒప్పందం షరతులకు సాక్ష్యంగా చూపలేరు. అద్దె పెంపు ఎప్పుడు, ఎంత, అడ్వాన్సు ఎప్పుడు వెనక్కి, చిన్న రిపేర్లు ఎవరివి అన్నవి అందులో రాయించండి. కొత్త అద్దెదారు ఇచ్చిన అడ్వాన్సును టైల్స్‌కు ఖర్చు చేయొద్దు. అది మీ దగ్గరున్న ఆయన డబ్బు, ఖాళీ చేసిన రోజు ఇవ్వాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

పిల్లలున్న కుటుంబాలు బడులు తెరిచే జూన్ రెండో వారానికి ముందే ఇళ్లు మారతాయి. ఆ తర్వాత వచ్చేది ఆషాఢం. ఆ నెలలో ఇల్లు మారడానికి ఇష్టపడనివాళ్లు ఇప్పటికీ ఎక్కువే కాబట్టి, జూన్ చివరికి పూర్తయిన పోర్షన్ శ్రావణం దాకా ఖాళీగా ఉండొచ్చు. వానలకు ముందే శ్లాబు పని ముగియాలన్నది ఎలాగూ ఉంది. పని మార్చి చివర్లో మొదలై మే మూడో వారానికి ముగియాలంటే, ఈసీ, వారసుల సంతకాలు, ఇంజినీరు అంచనాతో బ్యాంకు గడప సంక్రాంతి సెలవులు అయిన వెంటనే తొక్కాలి.