పాత కారు స్టార్ట్ అయితలేదా? ముందు దాని కాలం తెలుసుకోండి

మన నర్మెట్ట దిక్కు పాత కారు కొన్నోళ్లకు ఈ తిప్పలు తెలిసినవే. పొద్దున్నే జనగామ పోదామని తాళం తిప్పితే బండి లేవదు. చుట్టూ నలుగురు చేరతరు. ఒకరు బ్యాటరీ మార్చమంటరు, ఇంకొకరు సెల్ఫ్ మోటరు పోయిందంటరు, మూడో మనిషి నెట్టుదాం పట్టుర్రి అంటడు. ఏదీ చూడకుండ సామాను మార్చుకుంట పోతే వేలకు వేలు పోతయి. అందుకే నేను చెప్పేది ఒకటే: మీ బండి ఏ కాలందో తెలిస్తే, ఎక్కడ చూడాలెనో తెలుస్తది.

మొదట్ల కార్లకు సెల్ఫ్ లేదు. బండి ముందట నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పాలె. ఇంజన్ వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. అమెరికాల చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు, అంతకుముందు దుకాణాల గల్లాపెట్టె మిషన్‌కు చిన్న కరెంటు మోటరు పెట్టిండు. కొద్దిసేపే తిరిగే మోటరు అయితే, చిన్నదాంతోనే పెద్ద బలం తీయొచ్చని ఆయన లెక్క. అదే లెక్కతోని 1912 మోడల్ క్యాడిలాక్‌కు సెల్ఫ్ వచ్చింది.

ఆ లెక్క ఇప్పటికీ మారలే. సెల్ఫ్ మోటరు కొద్దిసేపటి కోసమే పుట్టింది. ఐదు సెకన్లు కొట్టండి, అర నిమిషం ఆగండి. ఆగకుండ కొడితే మోటరు కాలుతది, బ్యాటరీ దిగుతది.

మన దేశానికొస్తే, అంబాసిడర్‌కు సెల్ఫ్ ఉన్నా హ్యాండిల్ కూడా ఉండేది. బ్యాటరీ దిగితే దాంతోనే లేపేటోళ్లు. తర్వాత 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు హర్‌పాల్ సింగ్‌కు ఇచ్చింది. మూడు సిలిండర్ల ఇంజన్, కార్బురేటర్ బండి. ఇంజన్ తిరిగితేనే దాని పంపు పెట్రోలు గుంజేది. 2000 ప్రాంతంల కాలుష్యం నిబంధనలు గట్టిపడ్డయి, ఎంపీఎఫ్ఐ వచ్చింది. అంటే ట్యాంకుల కరెంటు పంపు, పెట్రోలు లెక్క చూసే కంప్యూటర్. 2014ల 800 తయారీ ఆగింది. అందుకే సెకండ్ హ్యాండ్‌ల ఒకే పేరుతోని రెండు కాలాల బండ్లు దొరుకుతయి.

ఇప్పుడు చూసే పద్ధతి. లో వోల్టేజీల బోరు మోటరు మూలుగుడు మీకు తెలుసు కదా, ఇదీ అంతే. హెడ్‌లైట్ వేసి సెల్ఫ్ కొట్టండి. లైటు బాగా మబ్బుపట్టి టిక్ టిక్ అంటే బ్యాటరీ, లేకపోతే టెర్మినళ్లు. తెల్లపొడి పట్టిందా, వదులైందా చూడండి. లైటు మంచిగనే ఉండి సెల్ఫ్ తిరగకపోతే, దాని వైరు, రిలే, మోటరు చూపియ్యాలె.

సెల్ఫ్ జోరుగా తిరుగుతుంది గని ఇంజన్ అందుకుంటలేదా? అప్పుడు బ్యాటరీ జోలికి పోకండి. పెట్రోలు రావాలె, ప్లగ్గుల నిప్పు పడాలె. కార్బురేటర్ బండికి చల్లటి పొద్దున చోక్ గుంజాలె. ఎంపీఎఫ్ఐ బండికి తాళం సగం తిప్పి చెవి పెట్టండి. వెనక సీటు దిక్కు రెండు సెకన్లు జుయ్‌మని పంపు చప్పుడు రావాలె. రాకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, ఆఖరుకు పంపు. ఈ బండికి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే నెట్టినా లేవకపోవచ్చు, ఎందుకంటే పంపుకు, కంప్యూటర్‌కు రెండింటికీ కరెంటు కావాలె.

ఒక్క మాట గట్టిగా చెప్తున్న. కార్బురేటర్ నోట్లె పెట్రోలు పోసి సెల్ఫ్ కొట్టే పాత చిట్కా చేయకండి. మంట ఎగదన్నుతది. ముఖం, చేతులు కాలుతయి.

ఇంకోటి, ఫోన్ మీ చేతులనే ఉన్నది. సెల్ఫ్ కొట్టేటప్పుడు చప్పుడు రికార్డు చేసి మెకానిక్‌కు పంపండి. ఏ సామాను మార్చాలెనో అడిగే ముందు, ఏం చప్పుడు వస్తుందో చెప్పండి. ఆయన షెడ్డు నుంచి సరైన సామానుతోనే బయలుదేరుతడు. వచ్చే ఎపిసోడ్‌ల కలుద్దాం.