ముప్పదింట ఒకటి, నూటికి ముప్పది



మొన్న నా పూర్వవిద్యార్థి ఒకడు ఆదాయపు పన్ను పత్రంలోని ఒక పట్టికను నా ముందుంచి, "మాస్టారూ, ఈ వర్చువల్ డిజిటల్ అసెట్‌ను తెలుగులో ఏమనాలండీ?" అని అడిగాడు. "మిథ్యాస్తి" అనబోయి ఆగాను. మిథ్య మీద పన్ను ఎలా వేస్తారని అడిగితే శంకరభాష్యం దాకా పోవలసి వస్తుంది!

నిజానికి ఆ పేరులోనే కొంత చరిత్ర ఉన్నది. బిట్‌కాయిన్ వంటివాటిని లోకం నాణెములన్నది. మన ప్రభుత్వం ఆ మాటను అంగీకరించలేదు. 2018 ఏప్రిల్ 6న రిజర్వు బ్యాంకు వీటి లావాదేవీలకు బ్యాంకులు సేవలందించరాదని ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. 2022 ఫిబ్రవరి 1న నిర్మలా సీతారామన్ గారి బడ్జెట్టు మూడవ మార్గం త్రొక్కింది: నాణెము అనలేదు, నిషేధించనూ లేదు, "ఆస్తి" అని పిలిచి 30 శాతం పన్ను విధించింది. 2026 ఏప్రిల్ 1 నుండి అమలైన కొత్త ఆదాయపు పన్ను చట్టంలోనూ ఆ 30 శాతం అట్లే నిలిచింది.

పట్టికలో ఒక్కొక్క బదిలీకి ఒక్కొక్క వరుస. కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న వెల, వచ్చిన మొత్తం వ్రాయాలి. బిట్‌కాయిన్ ఇచ్చి ఈథర్ పుచ్చుకొన్నా అది బదిలీయే. చేతికి రూపాయి రాకున్నా లెక్క చూపవలసిందే. కొన్న వెల తప్ప మరే ఖర్చూ మినహాయింపు కాదు. 2022 జులై 1 నుండి అమ్మకం మొత్తంలో 1 శాతం ముందుగానే కోసి ప్రభుత్వానికి జమచేస్తున్నారు. అందుచేత మనం దాచినా ఆ కోత దాగదు. అయితే ఆ సొమ్ము చివరి పన్నులో జమకు వస్తుంది. చాలామంది దీనిని మరచిపోతున్నారు.

నన్ను ఆలోచింపజేసినది నష్టం సంగతి. ఒక నాణెంపై లక్ష లాభం, మరొక దానిపై లక్ష నష్టం వచ్చినదనుకొందాం. మిగిలినది సున్న. పన్ను మాత్రం 30,000, దానిపై 4 శాతం సెస్సు 1,200. నష్టం మరొక లాభంతో చెల్లదు, మరుసటి యేటికీ పోదు. నష్టం వచ్చిన వరుసలో ఆదాయం "శూన్యం" అని వ్రాయమని పట్టికే చెబుతుంది.

ఇది చూడగా కాకతి గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం గుర్తుకు వచ్చింది. శక 1166, అంటే క్రీ.శ. 1244-45. తుపానుకు పగిలి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు బలవంతంగా లాగుకొనేవారట. తాను నిర్ణీత సుంకం తప్ప తక్కినదంతా వర్తకులకే విడిచిపెడుతున్నానన్నాడు గణపతిదేవుడు. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకం ముప్పదింట ఒకటి! ప్రాణం కంటె ధనమే ప్రియమనుకొని సముద్రంలో దిగిన వర్తకుని సాహసాన్ని ఆయన గుర్తించాడు.

ఓడ వర్తకమూ ఈ క్రయవిక్రయమూ ఒకటి కావని నాకు తెలుసు. లాటరీ మీద కూడా 30 శాతమే. జూదాన్ని నిరుత్సాహపరచడం పాలకుల హక్కే. కాని ఆస్తి అని పిలిచినప్పుడు ఆస్తికి ఉండే మర్యాద కూడా దక్కాలి కదా. షేర్ల నష్టాన్ని ఎనిమిదేండ్లు ముందుకు తీసుకుపోనిచ్చే చట్టం, దీని నష్టాన్ని ఒక్కనాడైనా ఎందుకు మోయదు?

శాసనస్తంభం మోటుపల్లి వీరభద్రాలయంలో ఉన్నది. బాపట్ల వైపు వెళ్ళే మిత్రులు తప్పక చూడండి.