నారుమడి నుంచి జట్టు దాకా: ఆంధ్ర క్రికెట్‌లో దిగువ అంచెల చరిత్ర

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:

• క్రీడా జట్లకు దిగువ అంచెల వ్యవస్థ ఎందుకు అవసరమైందో వివరించగలుగుతారు.
• ఆంధ్ర క్రికెట్‌లో ఈ అంచెలు ఏర్పడిన క్రమాన్ని గుర్తించగలుగుతారు.
• యువ ఆటగాళ్ళకు ఇచ్చే ర్యాంకుల విలువను, పరిమితిని చర్చించగలుగుతారు.
• మీ ఊరి క్రీడా చరిత్రకు ఆధారాలు సేకరించగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

మిరప పండించే ప్రాంతంలో ఉన్న మీకు నారుమడి సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. పొలంలో నాటిన మొక్కలన్నీ బతకవు. చచ్చిన చోట మళ్ళీ నాటడానికి మడిలో నారు మిగిలి ఉండాలి. మడిలో ఏపుగా ఉన్న నాలుగు మొక్కలను చూసి మురిసిపోయే రైతు ఉండడు. మడి మొత్తం ఎలా ఉందని చూస్తాడు.

క్రీడా జట్టుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. మైదానంలో కనిపించే 11 మంది నాటిన పంట. వారి వెనక 16 ఏళ్ళ లోపు, 19 ఏళ్ళ లోపు, 23 ఏళ్ళ లోపు జట్లలో ఎదుగుతున్నవారు నారు. ఆ నారును పరిశీలించేవారు రెండు ప్రశ్నలు వేస్తారు. ఎవరు ముందు, ఎవరు తరవాత అనేది మొదటి ప్రశ్న. దీన్ని ర్యాంకు అంటాం. ఒకరు విఫలమైతే ఆ స్థానానికి ఇంకెందరు సిద్ధంగా ఉన్నారనేది రెండో ప్రశ్న. దీన్ని లోతు అంటాం. పత్రికలు మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తాయి. చరిత్ర విద్యార్థి రెండో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ఎందుకో ఈ భాగంలో చూద్దాం.

7.2 అమెరికా బేస్‌బాల్‌లో నారుమడి

ఈ ఆలోచనకు వ్యవస్థ రూపం వచ్చింది అమెరికా బేస్‌బాల్‌లో. 1920 దశకంలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు వ్యవహారాలు చూసిన బ్రాంచ్ రికీకి ఒక ఇబ్బంది ఉండేది. చిన్న ఊళ్ళ జట్లలో మంచి ఆటగాడు కనిపిస్తే న్యూయార్క్ వంటి నగరాల ధనిక జట్లు ఎక్కువ డబ్బిచ్చి ఎగరేసుకుపోయేవి. రికీ ఆ చిన్న జట్లలోనే వాటాలు కొన్నాడు. కొనలేని ఆటగాళ్ళను తామే పెంచుకోవాలన్నది ఆయన పద్ధతి. 1926లో కార్డినల్స్ తొలిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది. ఈ ఏర్పాటును అమెరికన్లు ఫార్మ్ సిస్టమ్ అన్నారు, అంటే వ్యవసాయ క్షేత్రాల వ్యవస్థ. నేడు అందులో సింగిల్ ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అనే అంచెలున్నాయి.

అంచెలు పెరిగిన కొద్దీ అంచనా వేసే పద్ధతులూ పెరిగాయి. ప్రతిభను వెతికేవారు బంతిని కొట్టడం, బలం, పరుగు, ఫీల్డింగ్, చేతి విసురు అనే అయిదు నైపుణ్యాలకు 20 నుంచి 80 వరకు మార్కులు వేస్తారు. 50 అంటే అగ్రశ్రేణిలో సగటు స్థాయి. బేస్‌బాల్ అమెరికా అనే పత్రిక 1990 నుంచి ఏటా 100 మంది యువ ఆటగాళ్ళ వరుసను ప్రకటిస్తోంది.

ఈ వ్యవస్థకు రెండు ముఖాలున్నాయి. 1946లో జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాణ్ణి రికీ మొదట మాంట్రియల్‌లోని దిగువ జట్టులో ఆడించి, 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్‌లోకి తెచ్చాడు. దాంతో ఆ ఆటలో దశాబ్దాల వర్ణ వివక్ష గోడ కూలింది. మరోవైపు, 1938లో బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ కార్డినల్స్ అదుపులో ఉన్న 70 మందికి పైగా ఆటగాళ్ళను విడుదల చేశాడు. ఒకే యాజమాన్యం ఇంతమంది యువకులను గుప్పిట్లో పెట్టుకోవడం అన్యాయమని ఆయన వాదన. అంటే దిగువ అంచె అవకాశమూ కాగలదు, బందిఖానా కూడా కాగలదు.

7.3 ఆంధ్రలో పై మెట్టు ముందు, కింది మెట్లు తరవాత

భారత క్రికెట్ తొలి రోజుల్లో ఎంపికకు నిచ్చెన లేదు. 1932లో లార్డ్స్‌లో భారత్ ఆడిన మొదటి టెస్టుకు నాయకత్వం వహించిన సి.కె. నాయుడు నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టాడు. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసి పేరు తెచ్చుకున్నాడు. అయినా ఆ పర్యటనకు మొదట నాయకుడు పోరుబందర్ మహారాజా. ఆయన తప్పుకుంటేనే నాయుడికి టెస్టు పగ్గాలు దక్కాయి. 1936 పర్యటనలో నాయకత్వం విజయనగరం రాజకుమారుడు విజ్జీకి వెళ్ళింది. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసినవి 33 పరుగులు. ఒకరు ఆటతో, మరొకరు అంతస్తుతో ఎదిగిన ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే, అంచెల వ్యవస్థ ఏ లోటు తీర్చడానికి అవసరమైందో అర్థమవుతుంది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆంధ్ర క్రికెట్ సంఘం కూడా ఆ ఏడాదే ఏర్పడి, 1953–54లో ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో అడుగుపెట్టింది. దానికి నాయకత్వం వహించింది 58 ఏళ్ళ సి.కె. నాయుడే. దీన్ని గర్వకారణంగా చెప్పుకుంటాం, తప్పులేదు. కాని కొత్త జట్టుకు నాయకుణ్ణి బయటినుంచి, అదీ ఆ వయసులో తెచ్చుకోవలసి వచ్చిందంటే అడుగున నారు లేదనే అర్థం. పక్కనున్న హైదరాబాద్ పరిస్థితి వేరు. 1930 ప్రాంతంలో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్, నగర క్లబ్బుల మధ్య పోటీలు అక్కడ పునాది వేశాయి. ఆ జట్టు 1937–38లో, మళ్ళీ 1986–87లో రంజీ గెలిచింది.

తరవాతి దశాబ్దాల్లో జాతీయ స్థాయి అంచెలు క్రమంగా స్థిరపడ్డాయి. నేటి క్రమం ఇది: 16 ఏళ్ళ లోపువారికి విజయ్ మర్చంట్ ట్రోఫీ, 19 ఏళ్ళ లోపువారికి కూచ్ బెహార్ ట్రోఫీ, 23 ఏళ్ళ లోపువారికి సి.కె. నాయుడు ట్రోఫీ, ఆపైన రంజీ. రాష్ట్రం లోపల జిల్లా జట్టు మొదటి మెట్టు. ఇక్కడ దర్శి చరిత్రలో ఒక విశేషం ఉంది. 1970 వరకు దర్శి తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. ఆట జిల్లాల వారీగా నడుస్తుంది కాబట్టి దర్శి కుర్రవాడు ఎక్కవలసిన నిచ్చెన కూడా నెల్లూరు నుంచి ఒంగోలుకు మారింది. పాలనా సరిహద్దులు ఆటగాడి దారిని నిర్ణయిస్తాయనడానికి ఇది తేలికగా గుర్తుండే ఉదాహరణ.

గుంటూరుకు చెందిన ఎం.ఎస్.కె. ప్రసాద్ 1999లో టెస్టు ఆడాడు. ఆంధ్ర సంఘం ఏర్పడి అప్పటికి 46 ఏళ్ళు. విశాఖకు చెందిన వై. వేణుగోపాలరావు 2000లో అండర్–19 ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో ఉన్నాడు. 2004లో ఇంగ్లండ్ ఎ జట్టుపై దక్షిణ మండలం 501 పరుగుల లక్ష్యాన్ని ఛేదించినప్పుడు అజేయంగా 228 చేశాడు. 2005లో వన్డేల్లోకి వచ్చి 16 మ్యాచ్‌లు ఆడాడు. ఆంధ్ర నుంచి మరో టెస్టు ఆటగాడు రావడానికి 2018 వరకు, అంటే 19 ఏళ్ళు పట్టింది. ఆ సెప్టెంబరులో హనుమ విహారి ఓవల్‌లో తొలి టెస్టు ఆడాడు. ఆపైన కోన శ్రీకర్ భరత్ 2023లో, నితీశ్‌కుమార్ రెడ్డి 2024లో టెస్టుల్లోకి వచ్చారు. ఆరేళ్ళలో ముగ్గురు. ఈ మార్పు వెనక రాష్ట్ర సంఘం నెలకొల్పిన ఆవాస అకాడమీలు, వయోవర్గాల శిక్షణ ఉన్నాయి. ఆట విరమించిన తరవాత ప్రసాద్ సంఘంలో క్రికెట్ కార్యకలాపాల డైరెక్టరుగా ఈ పనిలో పాలుపంచుకున్నాడు.

7.4 ర్యాంకు ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు

2017–18లో విజయ్ మర్చంట్ ట్రోఫీలో నితీశ్ 1,237 పరుగులు చేశాడు. అందులో నాగాలాండ్‌పై చేసిన 441 ఉంది. ఆ వయోవర్గంలో దేశంలో అత్యుత్తమ ఆటగాడిగా బోర్డు పురస్కారం అందుకున్నాడు. ఏడేళ్ళ తరవాత, 2024 డిసెంబరులో, మెల్‌బోర్న్ టెస్టులో 114 చేశాడు. ఇక్కడ ర్యాంకు నిజమైంది.

ఇప్పుడు 2012 అండర్–19 ప్రపంచకప్ చూడండి. ఫైనల్లో ఆస్ట్రేలియాపై అజేయంగా 111 చేసి కప్పు గెలిపించిన నాయకుడు ఉన్ముక్త్ చంద్. అదే జట్టులో ఉన్న విహారి బ్యాటు ఆ పోటీల్లో పెద్దగా పలకలేదు. ఆ రోజు ఎవరు జాబితా వేసినా మొదటి పేరు ఉన్ముక్త్‌దే. ఆయన భారత సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 2021లో భారత క్రికెట్‌కు వీడ్కోలు చెప్పి అమెరికా వెళ్ళాడు. విహారి 16 టెస్టులు ఆడాడు. 2021 జనవరిలో సిడ్నీలో గాయంతో 161 బంతులు ఎదుర్కొని మ్యాచ్ కాపాడాడు. బేస్‌బాల్‌లోనూ ఇదే కథ. 1988 ఎంపికలో 62వ రౌండులో, 1,390వ పేరుగా పిలుపందుకున్న మైక్ పియాజ్జా 2016లో ఆ ఆట గౌరవ మందిరంలో చేరాడు.

ర్యాంకులు వ్యర్థమని దీని అర్థం కాదు. 16 ఏళ్ళప్పుడు చేసిన పరుగులు నైపుణ్యాన్ని చూపిస్తాయి. గాయాన్ని, వైఫల్యాన్ని, నిరీక్షణను తట్టుకునే ఓర్పును చూపించవు. కాబట్టి ఏ ర్యాంకు చూసినా మూడు విషయాలు అడగండి: ఆ ఆటగాడి వయసు ఆ అంచెకు తక్కువా, ఎక్కువా? ఎదురైన బౌలింగ్ ఎంత గట్టిది? విఫలమైన మరుసటి ఏడాది ఏం చేశాడు? వయసు ప్రశ్న ఎంత ముఖ్యమంటే, 16 ఏళ్ళ లోపు పోటీలకు బోర్డు ఎముకల పరీక్షతో వయసు నిర్ధారిస్తోంది. గుంటూరు జిల్లాకు చెందిన షేక్ రషీద్ 2022 అండర్–19 ప్రపంచకప్‌లో ఉపనాయకుడిగా సెమీఫైనల్లో 94, ఫైనల్లో 50 చేశాడు. ఈ మూడు ప్రశ్నలనూ ఆయన ఆటకు వేసి చూడండి.

7.5 లోతును కొలవడం

లోతును కొలవడానికి పేర్లను స్థానాల వారీగా విడదీయాలి. పైన చెప్పిన అయిదుగురు పురుషుల్లో ప్రసాద్, భరత్ వికెట్ కీపర్లు. వేణుగోపాలరావు, విహారి బ్యాటర్లు. నితీశ్ ఆల్‌రౌండర్. కేవలం బౌలింగ్‌తో వచ్చినవారు ఇందులో లేరు. కీపర్ స్థానంలో మాత్రం లోతు కనిపిస్తుంది. రంజీలో త్రిశతకం చేసిన తొలి కీపర్ భరత్. 2015 ఫిబ్రవరిలో గోవాపై ఆ 308 పరుగులు చేసింది మన జిల్లా కేంద్రం ఒంగోలులోనే.

బౌలింగ్‌లో లోటు ఎందుకు? నా అభిప్రాయంలో సదుపాయాలు ఒక కారణం. టెన్నిస్ బంతితో బ్యాటింగ్ కొంతవరకు అబ్బుతుంది. తోలు బంతిని స్వింగ్ చేయడం, టర్ఫ్ పిచ్‌పై స్పిన్ తిప్పడం ఆ బంతి, ఆ పిచ్ లేకుండా రావు. టెన్నిస్ బంతి నుంచి వచ్చిన మహమ్మద్ సిరాజ్ సంగతేమిటని మీరు అడగవచ్చు. సిరాజ్ ఆటో డ్రైవర్ కొడుకు. 2016–17 రంజీలో 41 వికెట్లు తీశాడు. కాని ఆయన ఉన్నది హైదరాబాద్‌లో. నగర లీగు, దాన్ని చూసే కళ్ళు సిటీ బస్సు దూరంలో ఉన్నాయి.

మహిళల క్రికెట్ 2006లో మాత్రమే జాతీయ బోర్డు పరిధిలోకి వచ్చింది. అంటే బాలికల నిచ్చెన వయసు ఇంకా చిన్నది. అయినా ఫలితాలు వచ్చాయి. గుంటూరులో సంఘం బాలికల అకాడమీ నడిపింది. విజయవాడ నుంచి సబ్బినేని మేఘన, ఆదోని నుంచి ఎడమచేతి పేసర్ అంజలి శర్వాణి, కడప జిల్లా నుంచి ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి భారత జట్టులోకి వచ్చారు. 2025లో భారత్ గెలిచిన ప్రపంచకప్‌లో శ్రీచరణి 14 వికెట్లు తీసింది. పురుషుల జాబితాలో మనం వెతుక్కున్న బౌలర్లు మహిళల జాబితాలో కనిపించడం గమనించండి.

7.6 దర్శి నుంచి చూస్తే

దర్శి నుంచి ఒంగోలు 50 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. వారానికి మూడు రోజులు సాధనకు పోవాలంటే బస్సు ఛార్జీ, కిట్టు ఖర్చు, పోయిన బడి దినాలు లెక్కలోకి వస్తాయి. పత్తికో మిరపకో ధర పడిపోయిన ఏడాది ఇంట్లో మొదట ఆగే ఖర్చు ఇదే. పదో తరగతి పరీక్షలు, ఇంటర్ హాస్టలు ఇంకొందరిని ఆపుతాయి. ఆడపిల్ల విషయంలో సాయంత్రం తిరుగు ప్రయాణం ఒక్కటే చాలు ఆట ఆగిపోవడానికి. వీరిలో ఎవరూ ఓడిపోలేదు. వీరిని ఎవరూ చూడలేదు, అంతే. విశాఖలో అంతర్జాతీయ స్టేడియం కట్టడం పై మెట్టును మెరుగుపరచింది. లోతు పెరిగేది మాత్రం దర్శి, పొదిలి, అద్దంకి వంటి చోట్ల ఒక టర్ఫ్ పిచ్, ఒక శిక్షకుడు, బస్సు ఖర్చు ఉన్నప్పుడు.

చరిత్రకారుడికి ఇక్కడ మరో చిక్కు ఉంది. పైకి చేరినవారి ప్రతి పరుగూ నమోదవుతుంది. చేరనివారి ఆధారాలు మండల, జిల్లా స్థాయి స్కోరు పుస్తకాల్లో, బడి కప్పుల మీద చెక్కిన పేర్లలో, పాత ఫొటోల్లో ఉంటాయి. చెదలు పట్టక ముందే వాటిని సేకరించాలి. ఎంతమంది మొదలుపెట్టారో తెలియకుండా ఎంతమంది చేరారో చెబితే అది సగం చరిత్రే.

7.7 సారాంశం

దిగువ అంచెల వ్యవస్థ అంతస్తు బదులు ఆటను ఎంపికకు ఆధారం చేసింది. ఆంధ్రలో 1953లో పై మెట్టు ఏర్పడినా కింది మెట్లు బలపడడానికి అర్ధ శతాబ్దం పట్టింది. ర్యాంకు ఒక రోజు అంచనా. లోతు ఒక తరం శ్రమ. ఆ శ్రమ ఎక్కడ ఆగిపోతోందో తెలుసుకోవడానికి అట్టడుగు మెట్టు చరిత్ర అవసరం.

7.8 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బ్రాంచ్ రికీ దిగువ జట్లలో వాటాలు ఎందుకు కొన్నాడు?
2. 1970లో జరిగిన జిల్లా మార్పు దర్శి ఆటగాళ్ళ దారిని ఎలా మార్చింది?

II. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ర్యాంకుకు, లోతుకు గల తేడాను ఆంధ్ర క్రికెట్ ఉదాహరణలతో చర్చించండి.
2. 1999, 2018 మధ్య ఆంధ్ర నుంచి కొత్త టెస్టు ఆటగాడు రాకపోవడానికి కారణాలు ఏమై ఉండవచ్చు?

III. క్షేత్ర కార్యం
మీ ఊళ్ళో జిల్లా స్థాయి వరకు వెళ్ళి ఆగిపోయిన ఇద్దరిని, వీలైతే ఒక పురుషుణ్ణి, ఒక స్త్రీని కలవండి. ఎవరి దగ్గర ఆడారు, ఏ ఏడాది ఆపారు, ఎందుకు ఆపారు అని అడిగి, వారి అనుమతితో రాసుకోండి. పేరు వేయవద్దంటే వేయకండి. వారి దగ్గర స్కోరు పుస్తకం, ధ్రువపత్రం, ఫొటో ఏదైనా ఉంటే నకలు తీసుకుని, తేదీ వేసి భద్రపరచండి.