ఇంగ్లీషులో కర్తకూ క్రియకూ పొందిక: తెలుగు విద్యార్థి ఇబ్బందికి మూలం ఎక్కడ?

ఇంగ్లీషు నేర్చుకుంటున్న తెలుగు విద్యార్థుల రాతలో ‘షి గో’, ‘హి డోంట్ నో’ వంటి ప్రయోగాలు తరచూ కనబడతాయి. దీన్ని మాతృభాషా ప్రభావమని తేల్చేయడం పరిపాటి. తెలుగులో లేని వ్యవస్థ ఇంగ్లీషులో ఉన్నప్పుడు ఆ మాట చెల్లుతుంది. కానీ కర్తను బట్టి క్రియ మారడం తెలుగువారికి మాట నేర్చిన నాటి నుంచీ తెలిసినదే. అందువల్ల కారణాన్ని మరోచోట వెతకాలి. ఒకప్పుడు నిండుగా ఉన్న పొందిక ఇంగ్లీషులో అరిగిపోయి కొన్ని చోట్లే మిగలడం మొదటి కారణం. నామపదబంధంలో ప్రధాన నామం స్థానం రెండు భాషల్లో తలకిందులుగా ఉండడం రెండోది. ఈ రెండింటినీ గుర్తిస్తే బోధన పద్ధతి కూడా మారక తప్పదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ముందు తెలుగు సాక్ష్యం చూద్దాం. ‘వచ్చు’ ధాతువుకు భూతకాలంలో వచ్చాను, వచ్చాము, వచ్చావు, వచ్చారు, వచ్చాడు, వచ్చింది, వచ్చాయి అని ఏడు రూపాలున్నాయి. పురుష, వచనం, లింగం మూడూ ఈ ప్రత్యయాల్లో ఇమిడి ఉన్నాయి. ఇంగ్లీషులో వీటన్నిటికీ ‘కేమ్’ ఒక్కటే. వర్తమానంలో ‘కమ్’, ‘కమ్స్’ అనే రెండు రూపాలు. ఎక్కువ రూపాలు మిగుల్చుకున్నది ‘బి’ క్రియ ఒక్కటే. ‘కెన్’, ‘మస్ట్’ వంటి సహాయక క్రియలకు పొందికే లేదు. ఇదీ తెలుగువారికి కొత్త కాదు. రాలేదు, రావాలి, రావచ్చు, రాకూడదు అన్నప్పుడు కర్త ఎవరైనా క్రియ మారదు. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణం ఈ రూపాలను వివరంగా చూపుతుంది. అంటే క్రియ కర్తతో పొసగడమూ, కొన్ని చోట్ల పొసగకుండా ఉండిపోవడమూ రెండూ తెలిసిన విద్యార్థే ఇంగ్లీషు తరగతిలోకి అడుగుపెడుతున్నాడు.

మరి చిక్కు ఎక్కడ? ప్రాచీన ఇంగ్లీషులో ఏకవచనంలో పురుషను బట్టీ, బహువచనానికి విడిగానూ ప్రత్యయాలుండేవి. శతాబ్దాల మీద అవి రాలిపోయాయి. 1611 నాటి బైబిల్ అనువాదంలో ప్రథమ పురుష ఏకవచనానికి ‘ఎత్’ ప్రత్యయమే ఉంది. ఉత్తర ఇంగ్లండ్ నుంచి వచ్చిన ‘ఎస్’ దాన్ని తొలగించి స్థిరపడింది. ఫలితంగా మామూలు క్రియల్లో ఒక్క ప్రథమ పురుష ఏకవచనానికే గుర్తు మిగిలింది. పైగా నామానికి చేరితే బహుత్వాన్ని చెప్పే ధ్వనే క్రియకు చేరితే ఏకత్వాన్ని చెబుతుంది: ‘బాయ్స్ ప్లే’, ‘బాయ్ ప్లేస్’. తెలుగులో ‘వచ్చాడు’ అంటే చాలు, కర్తను చెప్పకపోయినా వచ్చినది ఒక పురుషుడని తెలుస్తుంది. ఇంగ్లీషులో కర్త ఎలాగూ వాక్యంలో ఉంటుంది కనుక ‘ఎస్’ కొత్తగా చెప్పేది చాలా తక్కువ. అర్థభారం లేని గుర్తు మీద దృష్టి నిలవడం ఎవరికైనా కష్టమే. రోజర్ బ్రౌన్ 1973లో ప్రకటించిన పరిశోధన ఈ మాటను బలపరుస్తుంది. ఇంగ్లీషే మాతృభాషగా పెరిగిన ముగ్గురు పిల్లలను ఆయన పరిశీలించారు. వారికి నామం మీది ‘ఎస్’ ముందుగా పట్టుబడింది, క్రియ మీది ‘ఎస్’ చాలా ఆలస్యంగా వచ్చింది. అక్కడ అడ్డుపడటానికి మరో మాతృభాష లేదు.

రెండో కారణం పెద్ద వాక్యాల్లో బయటపడుతుంది. ‘ది కీ టు ది కేబినెట్స్’ అని మొదలైన వాక్యాన్ని ‘వర్ మిస్సింగ్’ అని ముగించే పొరపాటును కాథరిన్ బాక్, కరోల్ మిల్లర్ 1991లో ప్రయోగపూర్వకంగా పరిశీలించారు. ఏకవచన కర్త తర్వాత బహువచన నామం వచ్చినప్పుడు ఇంగ్లీషు మాట్లాడే కళాశాల విద్యార్థులు సైతం తప్పారు. ఇంగ్లీషులో ప్రధాన నామం ముందు నిలుస్తుంది, దాని విశేషణ భాగం వెనక చేరి క్రియకు పక్కన కూర్చుంటుంది. తెలుగులో ‘బీరువాల తాళంచెవి పోయింది’ అంటాం. బీరువాలు ముందే వచ్చి వెళ్ళిపోయాయి, క్రియ పక్కన ఉన్నది తాళంచెవే. ‘కుర్రాడు పుస్తకాలు తెచ్చాడు’ అన్నప్పుడు తెలుగులోనూ బహువచన నామం మధ్యలో దూరుతుంది కదా అని అడగవచ్చు. దూరుతుంది, కానీ అది కర్మ. కర్తృపదబంధంలో భాగం కాదు. కర్తలో ఏది ప్రధానమన్న ప్రశ్న అక్కడ పుట్టదు. తెలుగు విద్యార్థి కొత్తగా నేర్వవలసినది సరిగ్గా ఆ ప్రశ్ననే.

సమూహవాచకాల విషయంలో తెలుగు అడ్డు కాదు, ఆసరా. ర్యాండాల్ఫ్ క్వర్క్ బృందం 1985లో ప్రచురించిన సమగ్ర వ్యాకరణం ఇంగ్లీషు పొందికను మూడు సూత్రాలతో వివరించింది: రూపాన్ని బట్టి, భావాన్ని బట్టి, సామీప్యాన్ని బట్టి. బ్రిటిష్ వాడుకలో ‘ది కమిటీ ఆర్’ చెల్లడం, అమెరికన్ వాడుకలో ‘ఈజ్’ వైపే మొగ్గు ఉండడం మొదటి రెండు సూత్రాల మధ్య ఎంపిక. రూపంలో ఏకవచనమైన ‘జనం’ పక్కన ‘వచ్చారు’ అనే తెలుగువారికి, ‘నాన్నగారు’ ఒక్కరే అయినా గౌరవంతో బహువచన క్రియ వాడే తెలుగువారికి ఈ భేదం సులువుగా అందుతుంది. అయినా పోటీ పరీక్షల పుస్తకాలు దీన్ని కంఠస్థం చేయవలసిన మినహాయింపుగానే వడ్డిస్తున్నాయి.

ఈ వాదనకు రెండు ఆక్షేపణలు రావచ్చు. తెలుగుతో పోల్చి చెబితే విద్యార్థి తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి మార్చుకునే అలవాటుకు లోనవుతాడన్నది మొదటిది. పోలిక వ్యవస్థను అర్థం చేసుకోవడానికే, వాక్యాన్ని తర్జుమా చేయడానికి కాదు. ఎలాగూ మనసులో నడిచే పోలికను స్పష్టంగా నడిపించడం మేలు. రెండోది మరింత బలమైనది: ఇంగ్లండ్‌లోని నార్విచ్ నగరం గురించి పీటర్ ట్రడ్గిల్ 1974లో వెలువరించిన పరిశోధనలో ‘షి గో’ వంటి రూపాలు అక్కడి స్థానికుల నోట సహజంగా వినబడ్డాయి, అలాంటప్పుడు ఆ ‘ఎస్’ కోసం ఇంత పట్టింపెందుకు? భాషాశాస్త్ర దృష్టిలో ఆ రూపం తప్పు కాదన్నది నిజమే. అయితే అదే పరిశోధన ఆ ప్రయోగానికీ సామాజిక వర్గానికీ ఉన్న ముడిని కూడా చూపింది. ప్రామాణిక రూపం రానివారిని పరీక్షలూ కొలువులూ ఆదరించవు. ఆ నష్టం ఎక్కువగా పడేది ఇంట్లో ఇంగ్లీషు వినని పిల్లల మీదే కనుక నేర్పే బాధ్యత బడిదే.

కాబట్టి పొందిక పాఠాన్ని నియమాల చిట్టాతో మొదలుపెట్టడం మానాలి. మొదట రూపాలు ఎక్కువగా ఉన్న ‘బి’ క్రియతోనూ, తర్వాత ప్రథమ పురుష ఏకవచనంతోనూ అభ్యాసం చేయించి, ఆపైన పొడవైన నామపదబంధాల్లో ప్రధాన నామాన్ని గుర్తించడం మీదే ఎక్కువ సమయం వెచ్చించాలి. సమూహవాచకాలకు తెలుగు ఉదాహరణలనే ఆధారం చేసుకోవాలి. తెలుగు విద్యార్థికి పొందిక అంటే ఏమిటో నేర్పనక్కరలేదు. ఇంగ్లీషులో అది ఎక్కడ మిగిలి ఉందో, ఏ నామంతో కుదరాలో చూపిస్తే చాలు.