కుదురు లేనోడికి నాయకత్వమా?

మన మీద పడిన మాటల చరిత్ర రాస్తున్నాను కదా, ఇది తొమ్మిదో భాగం. పోయిన వారం 'మెరిట్' మాట చూశాం. ఈ వారం మాట 'కుదురు'. పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి. కుదురుగా చదవమని మాత్రం నేనడగను.

కుదురు లేదు, నిలకడ లేదు, పరాకు మనిషి, పాదరసం. బడిలో పిల్లల మీద మొదలయ్యే ఈ మాటలు పెద్దయ్యాక కూడా వదలవు. ప్రమోషన్ల దగ్గర, సంఘం ఎన్నికల దగ్గర మళ్ళీ లేస్తాయి. వీటిలో కొన్నిటి వెనక డాక్టర్లు గుర్తించిన ఒక స్థితి ఉంది. దాని పేరు ఏడీహెచ్‌డీ. ధ్యాస అసలు లేకపోవడం కాదది. ధ్యాస ఉంటుంది గానీ పగ్గం మన చేతిలో ఉండదు. నచ్చిన పని మీద రాత్రంతా కూర్చుంటాం, నచ్చని కాగితం మీద పది నిమిషాలు కూర్చోలేం. టైము ఎంత గడిచిందో తెలియదు. నోట్లో మాట ఆగదు. పెద్దవాళ్ళలో సుమారు 2.5 శాతం మందికి ఇది ఉంటుందని ప్రపంచవ్యాప్త అధ్యయనాల అంచనా.

నాకు ఉందని 42వ ఏట ఒక డాక్టరమ్మ చెప్పారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక సంఘంలో అధ్యక్ష పదవికి నా పేరు వచ్చింది. ఒక పెద్దాయన లేచి, "తమ్ముడికి మాట ఉంది, ధైర్యం ఉంది. కుదురే లేదు. ఫైలు ఇస్తే ఎక్కడ పెట్టాడో తెలీదు. వేరే ఎవరినన్నా చూడండి" అన్నారు. ఆయన మనోడే, మంచోడే. ఆయన నోట్లోకి ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో వెతుక్కుంటూ పోతే నేను 1902 లండన్‌కి తేలాను.

ఆ ఏడాది మార్చిలో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు, రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో మూడు ఉపన్యాసాలు ఇచ్చాడు. తెలివికి లోటు లేదు, అయినా ఒక చోట నిలవరు, ధ్యాస పెట్టరు, ఆవేశం ఆపుకోలేరు, దండిస్తే కూడా మారరు. అలాంటి పిల్లలు సుమారు 20 మంది గురించి చెప్పాడు. ఏడీహెచ్‌డీ చరిత్ర రాసేవాళ్ళు చాలామంది ఇక్కణ్ణించే మొదలుపెడతారు. అంతకు ముందు లేదని కాదు. స్కాట్లండ్ డాక్టరు అలెగ్జాండర్ క్రైటన్ 1798లోనే ధ్యాస చెదిరే మనుషుల గురించి ఒక అధ్యాయం రాశాడు. కానీ స్టిల్ దానికి పెట్టిన పేరు చూడండి. నైతిక నియంత్రణలో లోపం. అంటే జబ్బు కాలికో కంటికో కాదు, శీలానికి. అప్పటి లండన్‌లో పెద్దల బుర్ర నిండా ఉన్నది 'జాతి క్షీణత' భయం. 1913లో బ్రిటన్ మానసిక లోపాల చట్టం తెచ్చింది. అందులో ఒక తరగతి పేరు 'నైతిక మందబుద్ధులు'. వాళ్ళని పట్టుకెళ్ళి సంస్థల్లో పెట్టొచ్చు. ఆ చట్టం స్టిల్ రాయలేదు. అయితే ఇద్దరూ పీల్చిన గాలి ఒకటే.

ఆ గాలి మన దాకా ఎప్పుడో వచ్చేసింది. 1871 నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా చాపారు. ఉప్పూ ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి బతికే ఎరుకల వాళ్ళు, రైలొచ్చి ఆ బేరం పోయాక, ప్రభుత్వం కంటికి పుట్టు దొంగలుగా కనిపించారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిందే. హెరాల్డ్ స్టువర్ట్ అనే దొరవారి పేరు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి, మనుషుల్ని కుదురుగా కూర్చోబెట్టడం నేర్పుతామన్నారు. ఒక చోట ఉండకపోవడమే నేరం. లండన్‌లో ఒక పిల్లాడికి అంటిన లోపం ఇక్కడ ఒక కులం మొత్తానికి అంటింది. తేడా అంతే.

అమెరికాలో ఇంకా పచ్చిగా జరిగింది. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు నల్ల బానిసలకి రెండు కొత్త జబ్బులు కనిపెట్టాడు. యజమాని దగ్గర్నించి పారిపోవడం ఒకటి. పని మీద ధ్యాస లేకుండా పనిముట్లు పాడుచేయడం రెండోది. మందు ఏమిటో తెలుసా? ఒంటికి నూనె రాసి తోలుపట్టాతో కొట్టడం, ఎండలో బరువు పని చేయించడం. ఇంటికి పోదామనుకోవడం కూడా రోగమే అన్నవాడు డాక్టరుగా గౌరవం పొందాడు!

ఇక ఏడీహెచ్‌డీ అసలు కథ ఎక్కడ మలుపు తిరిగిందంటే 1937లో, కాకతాళీయంగా. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పిల్లల ఆసుపత్రి నడిపే చార్లెస్ బ్రాడ్లీ, తలనొప్పి తగ్గుతుందేమోనని 30 మంది పిల్లలకి బెంజిడ్రిన్ ఇచ్చాడు. తలనొప్పి సంగతి అలా ఉంచితే, సగం మంది చదువులో ఒక్కసారిగా కుదుటపడ్డారు. ఉత్సాహం పెంచే మందు కుదురునిచ్చింది. 1944లో స్విట్జర్లండ్‌లో లియాండ్రో పనిజోన్ మిథైల్‌ఫెనిడేట్ తయారుచేసి, భార్య రీటా పేరు మీద రిటాలిన్ అన్నాడు. నైతిక లోపం కాస్తా ఒక మాత్రకి తగ్గేసరికి, అది నీతి గొడవ కాదని ఒప్పుకోక తప్పలేదు. పేర్లు మారుతూ వచ్చాయి. అమెరికా సైకియాట్రీ పుస్తకంలో 1968లో పిల్లల అతిచలనం అన్నారు, 1980లో ధ్యాస లోపం అన్నారు, 1987లో ఇప్పుడున్న పేరు.

పెద్దయితే పోతుందనుకునేవాళ్ళు. పోదని 1970లలో యూటా విశ్వవిద్యాలయంలో పాల్ వెండర్ బృందం చూపించింది. పెద్దవాళ్ళ కోసం లెక్క సడలించి, ఐదు లక్షణాలుంటే చాలు అని పుస్తకంలో రాసింది మాత్రం 2013లో. మనం ఇన్నాళ్ళూ 'కుదురు లేనోళ్ళు'గానే మిగిలామంటే ఆశ్చర్యమేముంది?

ఈ పేరు కూడా అందరికీ సమానంగా పంచలేదు. 2013లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం, ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని గమనించి తేల్చింది ఇది. తెల్ల పిల్లలతో పోలిస్తే నల్ల పిల్లలకి ఏడీహెచ్‌డీ అని గుర్తింపు వచ్చే అవకాశం 69 శాతం తక్కువ. వాళ్ళకి లేక కాదు. ఒకే అల్లరికి ఒకడికి డాక్టరు చీటీ దొరికింది, ఇంకొకడికి టీసీ దొరికింది.

నాయకత్వం దగ్గరికి వద్దాం. డేవిడ్ నీల్‌మన్ అని విమానాల వ్యాపారి ఉన్నాడు. తనకి ఏడీహెచ్‌డీ ఉందని ఆయనే బహిరంగంగా చెప్పుకున్నాడు. ఇరవై విమానాలకి ప్లాను వేయడం కంటే ఇంటి కరెంటు బిల్లు కట్టడమే తనకి కష్టమన్నాడు. మొదటి విమాన కంపెనీని సౌత్‌వెస్ట్‌కి అమ్మి అందులో చేరితే, కొన్ని నెలలకే పంపించేశారు. తర్వాత జెట్‌బ్లూ పెట్టాడు. 2007 ఫిబ్రవరి మంచు తుఫానులో విమానాలు గంటల తరబడి రన్‌వే మీదే ఇరుక్కుపోయి పరువు పోయింది. మే నెలకి సీఈవో కుర్చీ పోయింది. మరుసటి ఏడాది బ్రెజిల్‌లో అజుల్ మొదలుపెట్టాడు. ఆ తర్వాత అమెరికాలో బ్రీజ్ కూడా. పడిన ప్రతిసారీ ఆయనకి ఇంకో కంపెనీ దొరికింది. మన సర్పంచ్‌కి ఒక వోచరు కనపడకపోతే దొరికేది సస్పెన్షన్ ఆర్డరు. ఇంకా పైగా, 'చూశారా, వీళ్ళకి పదవి ఇస్తే ఇంతే' అనే మాట పేట మొత్తానికి.

అందుకని ఏడీహెచ్‌డీ వరం, సూపర్ పవర్ అని వీడియోలు చేసేవాళ్ళతో నాకు పేచీ. ఆ పాట డబ్బున్నోళ్ళకి నప్పుతుంది. నిజం మాట్లాడుకుందాం. ఈ స్థితి ఉన్నవాళ్ళు ఉద్యోగాలు ఎక్కువ మారతారు, ఎక్కువ పోగొట్టుకుంటారు. నాయకుడికి ఉంటే గడువులు దాటతాయి. ఇచ్చిన మాట మర్చిపోవడం వల్ల కార్యకర్త మనసు నొచ్చుకుంటుంది. సమావేశంలో ఎదుటివాళ్ళ మాట పూర్తి కాకుండానే అడ్డుపడతాడు. అదే మనిషి, రాత్రి ఒంటిగంటకి పేట మీద దాడి జరిగిందంటే అందరికంటే ముందు బండి తీస్తాడు. కలెక్టరు ముందు జంకడు. ఎవరికీ తట్టని దారి చెబుతాడు. రెండూ ఒకే మనిషి. ఒకటి ఒప్పుకుని ఇంకోటి దాచడం కుదరదు.

'కుదురు' అంటే అసలు అర్థం గుర్తుందా? కుండ కింద పెట్టే గడ్డి చుట్ట. అడుగు గుండ్రంగా ఉన్న కుండ కుదురు లేకుండా నిలవదు. మా నాయనమ్మ చుట్ట చుట్టి ఇచ్చేది, కుండని తిట్టేది కాదు.

మనకి నాయకుడంటే కళ్ళ ముందు నిలిచేది బాబాసాహెబ్. గంటల తరబడి కదలకుండా చదివే మనిషి. ఆ బొమ్మ పక్కన నిలబెడితే ఎవడైనా కుదురు లేనోడే. కానీ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన చేసిన ప్రసంగం మళ్ళీ చదవండి. నాకు ఇచ్చిన ఘనత నాదొక్కడిదే కాదంటూ బి.ఎన్. రావు పేరు చెబుతారు. ప్రధాన ముసాయిదాకారుడు ఎస్.ఎన్. ముఖర్జీ పేరు చెప్పి, చిక్కు ప్రతిపాదనల్ని తేట మాటల్లో పెట్టిన ఆయన నేర్పుని మెచ్చుకుంటారు. అంత చదువరికే పక్కన ముఖర్జీ కావాల్సి వచ్చింది. 1985 కారంచేడు తర్వాత మన దళిత మహాసభ కూడా ఒక్క భుజం మీద నిలబడలేదు. తారకం గారు లాయరు, పద్మారావు గారు సంస్కృతం పంతులు, ఎవరి పని వాళ్ళది. వాళ్ళలో ఎవరికో ఏదో ఉందని నేననడం లేదు, దయచేసి కామెంట్లలో ఆ పని పెట్టుకోకండి.

కుదురు ఎవరు పెడతారన్నది మాత్రం చూసుకోవాలి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌కీ ఉపసర్పంచ్‌కీ కలిపి చెక్ పవర్ ఇచ్చింది. రిజర్వుడు సీటులో మన మనిషి సర్పంచ్, ఊరి పెత్తందారు ఉపసర్పంచ్ అయిన చోట ఆ రెండో సంతకం సాయమవుతుందా, ముక్కుతాడవుతుందా? మీకు తెలుసు. అందుకే మా సంఘంలో నేను పెట్టిన ప్రతిపాదన ఇది. అధ్యక్షుడి చేతికి డబ్బూ రసీదు పుస్తకమూ అసలు ఇవ్వొద్దు, ఎవరైనా సరే. మినిట్స్ రాసే మనిషిని అధ్యక్షుడే ఎంచుకోవాలి. ఒప్పుకున్న ప్రతి పనీ అక్కడికక్కడే తేదీతో గోడ మీద చార్టుకి ఎక్కాలి. ఇది నాకోసమే కాదు, లెక్కల్లో మన వేలు ఎవడూ పట్టుకోకుండా ఉండటానికి. చర్చ ఇంకా నడుస్తోంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలు ఉన్నాయి. ఆటిజం ఉంది, చదువులో ఇబ్బందులు ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరుతో లేదు. మిథైల్‌ఫెనిడేట్ మత్తుమందుల చట్టం కింద ఉంది కాబట్టి డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు, చిన్న ఊళ్ళో చీటీ ఉన్నా షాపులో దొరకదు. ఇక మన ఆడవాళ్ళ సంగతి. ఆడపిల్లల్లో గంతులు తక్కువ, పరధ్యానం ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి డాక్టర్లే చాలా ఏళ్ళు వాళ్ళని పట్టించుకోలేదు. మహిళా సంఘాల్లో లీడరుగా ఉన్న అక్కలు కొందరు నాకు ఇన్‌బాక్సులో రాశారు. అన్నం మాడితే ఇంట్లో తిట్లు, పొదుపు పుస్తకం మర్చిపోతే సంఘంలో తిట్లు. వాళ్ళ అనుమతితో, పేర్లు లేకుండా, ఆ ఉత్తరాలు పదో భాగంలో పెడతాను. ఇంకా రాయాలనుకునే అక్కలు ఆదివారం లోపు రాయండి. వాయిస్ మెసేజ్ పెట్టినా సరే.